చిన్న బి, పెద్ద బి, మా పెద్దత్త

కార్ఖానా అనే పేటలో ఏదో కంప్యూటర్ ఆఫీసు వాళ్లకి తప్పుల్లేకుండా రాయగలిగిన మనిషి కావాలట అన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చినవాడు తీగల బాబాయ్. ఆ రోజుల్లో మాకు మంచి కబుర్లన్నీ ఆయన భుజం మీది వైరు చుట్టతో పాటే వచ్చేవి. బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. మౌలాలిలో మా చర్చిలో నాన్న పక్కన కూర్చునే మనిషి. ఆఫీసులకీ దుకాణాలకీ కంప్యూటర్ వైర్లు లాగడం ఆయన పని. (ఆయన పాట మొదలుపెడితే తబలా అబ్బాయి కూడా తాళం మర్చిపోయేవాడు, అది వేరే సంగతి.) ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, "అన్నయ్యా, మన అమ్మాయికి స్పెల్లింగులు బాగా వచ్చుగా? వాళ్లకి అదే కావాలంట. రేపే తీసుకెళ్తాను" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాకు దొరికిన ఉద్యోగమూ, ఆ ఉద్యోగంలో నేను వెలగబెట్టిన ఘనకార్యమూ రెండూ ఆ ఒక్క స్పెల్లింగుల మాటలోనే ఉన్నాయి.

నా స్పెల్లింగుల వెనక మా పెద్దత్త ఉంది. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే వారంలో మూడు రోజులు ఒగరుస్తూ ఇంటికి తిరిగొచ్చేదాన్ని. అప్పుడు నాన్నగారి అక్కయ్య, భీమవరంలో లెక్కల టీచరుగా రిటైరై మా దగ్గరికి వచ్చేసిన పెద్దత్త, "బడి దానికి పడకపోతే బడినే ఇంటికి తెద్దాం" అని వంటింటి తలుపు వెనక నల్లరంగు వేయించింది. ఆరో తరగతి నుంచి డిగ్రీ వరకు ఆ తలుపు ముందే చదివాను. ఆ తలుపుకి రెండు చట్టాలు. మొదటిది, అంకె పక్కన అదేమిటో చెప్పకుండా నోరు మూయకూడదు. "జవాబు పన్నెండు అత్తా" అంటే, "పన్నెండు ఏంటి? పన్నెండు మామిడికాయలా, పన్నెండు ఏనుగులా? తోడు లేకుండా అంకెని వీధిలోకి పంపుతావా?" అనేది. రెండోది ఒత్తులు. ఒకసారి నేను 'బోజనం' అని రాశాను. ఆ మధ్యాహ్నం నా కంచంలో సగం అన్నమే పెట్టింది. అదేమంటే, "ఒత్తు లేని బోజనానికి అంతే వస్తుంది. భోజనం రాసి తీసుకురా, మిగతా సగం పెడతాను" అంది. ఆకలి మీద నేర్చుకున్న ఒత్తు కదా, ఇప్పటికీ మర్చిపోలేదు. అయితే దానితో పాటు ఒక జబ్బు కూడా పట్టుకుంది. ఎక్కడ అక్షరదోషం కనిపించినా చెయ్యి దురద పెట్టడం. బస్సులో సీటు వెనక రాతల్ని కూడా పెన్నుతో దిద్దేదాన్ని.

కార్ఖానాలో ఆ ఆఫీసు ఒక బేకరీ మీద రెండు గదులు. పొద్దున్న పది గంటలకి కొబ్బరి నింపిన దిల్‌పసంద్ వాసన మెట్లెక్కి మాకంటే ముందు లోపలికి వచ్చేది. యజమానికి నేను మనసులో పెట్టుకున్న పేరు షురూ సార్, ఎందుకంటే ఏ మాటైనా 'షురూ చేద్దాం' అనే ముగించేవాడు. వాళ్లు తయారుచేసేది ఒక చిన్న తెర. కంప్యూటర్లున్న చోట గోడకి పెడితే, వైరులో సమాచారం ఎంత జోరుగా వస్తోందో, దాన్ని దాచుకునే డిస్కు మీదకి ఎంత జోరుగా ఎక్కుతోందో పక్కపక్కన రెండు పెద్ద అంకెల్లో చూపిస్తుంది. నన్ను మూడు నెలలు చూస్తామన్నారు, నచ్చితే ఉంచుకుంటారు. నా పని ఆ తెర మీది మాటలన్నీ సరిచూడటం. "జెర సాఫ్‌గ కనపడాలెమ్మా, చూసినోళ్లు పరేషాన్ కావద్దు" అన్నాడు సార్. నేను చూశాను. చూడగానే చెయ్యి దురద పెట్టింది. వైరు అంకె పక్కన ఎంబీ అని ఉంది, డిస్కు అంకె పక్కనా ఎంబీ అనే ఉంది. కానీ ఇంగ్లీషులో ఆ బి అక్షరం వైరు దగ్గర చిన్నబడిది, డిస్కు దగ్గర పెద్దబడిది! ఎవరో ఎంత నిర్లక్ష్యంగా రాశారో అనుకున్నాను. నలభై మూడు చోట్ల చిన్న బిలన్నిటినీ ఏరి, ఒక్కటి కూడా వదలకుండా పెద్ద బిలు చేశాను. అయ్యాక కళ్లు మూసుకుని, ప్రభువా, ఈ కళ్లకి ఇంత చూపు ఇచ్చినందుకు స్తోత్రం అనుకున్నాను కూడా. (ఆయన ఆ స్తోత్రం విని ఏమనుకున్నాడో.) సార్ ఒకసారి పైపైన చూసి, "మస్తుగుంది. షురూ చేద్దాం" అని, చెల్లెలి పెళ్లికి వరంగల్ వెళ్లిపోయాడు.

ఆ తెరని మొదట పెట్టింది యాప్రాల్‌లో ఒక స్టూడియోలో. పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. దాని యజమానిని ఆల్బమ్ అన్న అందాం. అక్కడ వైర్లన్నీ లాగినది మన తీగల బాబాయే. తెర కొనమని చెప్పినదీ ఆయనే. మా అమ్మాయి రాసిన మాటలు కూడా దాంట్లో ఉంటాయి అని చెప్పాడట, అదొక అర్హతైనట్టు. తెర పెట్టిన మర్నాడు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. సార్ లేడు కాబట్టి నేనే ఎత్తాను.

"గా సార్ ఉన్నడామ్మా?"

"పెళ్లికి వెళ్లారండి. చెప్పండి."

"ఏం లేదమ్మా, మీ తెర మీద వైరు తొమ్మిది వందల ముప్పై ఆరు అంటున్నది. డిస్కు నూట పదిహేడు అంటున్నది. అంత వచ్చి గింతే ఎక్కితే మిగిలింది యాడ పోతున్నది? తెర సరిగ్గనే చెప్తున్నదా?"

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రెండు నెలల అనుభవం గొంతులోకి తెచ్చుకుని, "మా తెర తప్పు చూపించదండీ. నేనే స్వయంగా ప్రతి అక్షరం సరిచూశాను" అన్నాను.

"అంటే వైరులనే ఉంది కిరికిరి" అని ఆయన పెట్టేశాడు. ఎంత చక్కగా మాట్లాడానా అని నేను కిందికెళ్లి ఒక దిల్‌పసంద్ కొనుక్కుని తిన్నాను.

బుధవారం సాయంత్రం ప్రార్థనకి బాబాయ్ రాలేదు. ఇరవై ఏళ్లలో అలా జరగలేదని నాన్న కంగారుపడుతుంటే, గురువారం సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు. జుట్టంతా తెల్లటి సున్నం పొడి, చొక్కా మోచేతుల దగ్గర చిరుగు. కూర్చోమంటే మోకాళ్లు వంగడం లేదని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు రోజులుగా ఆల్బమ్ అన్న స్టూడియోలో, పైన వేసిన ఫాల్స్ సీలింగు కప్పు లోపల, మోకాళ్ల మీద పాకుతున్నాడట. వైరు ఎక్కడ కారుతోందో వెతుకుతూ.

"వైరు కారడం ఏంటి బాబాయ్? అదేమైనా నీళ్ల పైపా?" అన్నాను.

"నేనూ అదే అన్నానమ్మా. వింటాడా? 'కాకా, తొమ్మిది వందలు బయల్దేరి నూటపదిహేడు చేరితే దాన్ని లీకు అనక ఏమంటరు' అంటాడు. పక్కింటివాడు దొంగతనంగా గుంజుకుంటున్నాడేమో అని గోడకి చెవి పెట్టి విన్నాడు. నా టెస్టర్ పెట్టి చూస్తే వైరు శుభ్రంగా ఉందంటోంది. టెస్టర్ పాతదంటాడు. తెర కంపెనీ వాళ్లని అడిగితే తెర తప్పు చూపించదని గట్టిగా చెప్పారంట." మోచేతి చిరుగు చూసుకుంటూ, "శనివారంలోపు లీకు దొరక్కపోతే వైరంతా పీకించి వేరేవాళ్లతో వేయిస్తాడంట. యాప్రాల్‌లో ఉన్న స్టూడియోలన్నిటికీ నేనే వేశానమ్మా. వీడు పీకిస్తే రేపు అందరూ పీకిస్తారు" అన్నాడు. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. తాళం తప్పిన పాటలో కూడా ఆ గొంతు ఇంత చిన్నగా ఉండేది కాదు.

గట్టిగా చెప్పిన ఆ కంపెనీ వాళ్లు ఎవరో నాకు తెలుసు. దిల్‌పసంద్ తిన్న కంపెనీ వాళ్లు. అప్పటికీ నా తప్పేమిటో మాత్రం నాకు తెలియదు.

పెద్దత్త అంతవరకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. "ఏమయ్యా, ఆ అంకెలు రాసుకున్నావా?" అంది. బాబాయ్ జేబులోంచి వైరు డబ్బా అట్టముక్క తీశాడు. మూడుసార్లు చూసి రాసుకున్నాడట. వైరు తొమ్మిది వందల ముప్పై ఆరు, డిస్కు నూట పదిహేడు. వైరు ఏడు వందల ఎనభై నాలుగు, డిస్కు తొంభై ఎనిమిది. వైరు ఎనిమిది వందల ఒకటి, డిస్కు వంద.

పెద్దత్త కళ్లజోడు పైకి తోసుకుంది. నోరు కదిపింది. చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది.

"నూట పదిహేడు ఎనిమిదులు?"

"తొమ్మిది వందల ముప్పై ఆరు" అన్నాను. తలుపు ముందు పదేళ్లు నిలబడ్డ నోరు, అడగ్గానే పలికింది.

"తొంభై ఎనిమిది ఎనిమిదులు?"

"ఏడు వందల... ఎనభై నాలుగు."

"వంద ఎనిమిదులు ఎనిమిది వందలు. అక్కడ ఒకటి కొసరు, పోనీ." పెద్దత్త బాబాయ్ వైపు తిరిగింది. "దేవుడికి దశమభాగం ఇచ్చేవాళ్లని చూశానయ్యా, ప్రతిసారీ కచ్చితంగా ఎనిమిదో భాగం వదిలేసి వెళ్లే దొంగని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. ఇంత లెక్క తప్పని దొంగ ఉంటే వాణ్ణి మన చర్చికి కోశాధికారిని చెయ్యాలి. ఇది దొంగా కాదు, లీకూ కాదు." అప్పుడు నా వైపు తిరిగింది. "తొమ్మిది వందల ముప్పై ఆరు ఏంటి?"

"ఎంబీలు అత్తా. సెకనుకి."

"నూట పదిహేడు?"

"అవీ ఎంబీలే."

"రెండూ ఒకటేనని ఎవరు చెప్పారు?"

"నేనే దిద్దాను కదత్తా. ముందు ఒకచోట చిన్న బి..." అక్కడ నా మాట ఆగిపోయింది. నలభై మూడు చిన్న బిలు వరసగా లేచి నిలబడి నా వైపు చూశాయి. బల్ల మీద సార్ ఇచ్చిన లావు పుస్తకం ఉంది. అక్షరదోషాల కోసం తప్ప అర్థం కోసం నేనెప్పుడూ చదవని పుస్తకం. తీసి చూస్తే మూడో పేజీలోనే ఉంది. చిన్న బి అంటే బిట్. పెద్ద బి అంటే బైట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. వైరు జోరుని బిట్లలో చెప్పడం, డిస్కు జోరుని బైట్లలో చెప్పడం లోకం అలవాటట. ఎవరో నిర్లక్ష్యంగా రాసింది కాదు. నిర్లక్ష్యంగా దిద్దింది నేను.

పెద్దత్తకి వినిపించాను. "ఒత్తు" అంది ఒక్క మాట. "ఒత్తు మింగేశావు. నీ బోజనానికి నేను సగం అన్నమే తగ్గించాను. నువ్వు పాపం ఆయనకి ఎనిమిదో వంతే మిగిల్చావు."

బాబాయ్‌కి సగమే అర్థమైంది. "అంటే వైరు మంచిదేనా?" అన్నాడు. మంచిదే బాబాయ్ అన్నాను. ఆయన గోడకి ఆనుకునే మెల్లగా కిందికి జారి కూర్చుని, "దేవుడికి స్తోత్రం" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు బావుండేది.

ఆయన వెళ్లాక నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. (అలాంటివి వచ్చినప్పుడే జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు తెలుసు.) ఎవరికీ చెప్పకుండా రేపు ఆఫీసులో కూర్చుని రెండు అంకెల్నీ బైట్లలోకి మార్చేస్తే? తెర మీద వైరు నూటపదిహేడు, డిస్కు నూటపదిహేడు. లీకు మాయం. బాబాయ్‌కి మంచి పేరు, నా మూడు నెలలకీ ఢోకా లేదు. ఈ ముక్క పెద్దత్త చెవిన వేశాను. ఆవిడ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. "ఆయన దొరకని తప్పు కోసం రెండు రోజులు మోకాళ్ల మీద పాకాడు. నువ్వు దొరికిన తప్పు కోసం ఐదు నిమిషాలు మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండు. తర్వాత నీ ఇష్టం" అంది. ఉన్నాను. ఐదు నిమిషాలు పూర్తికాకముందే నా తెలివైన ఆలోచన పత్తా లేకుండా పోయింది.

శుక్రవారం పొద్దున్న సార్ చేతి గోరింటాకుతో సహా ఆఫీసుకి వచ్చాడు. అంతా చెప్పాను. విని కాసేపు నా వైపు, కాసేపు తెర వైపు చూశాడు. "నలభై మూడా?" అన్నాడు. "ఒక్కటి సుత ఇడిచిపెట్టలేదా?" లేదండి అన్నాను. తల పట్టుకుని, "నడు, యాప్రాల్ పోదాం" అన్నాడు. ఈసారి షురూ చేద్దాం అనలేదు.

స్టూడియోలోకి అడుగుపెట్టేసరికి గది మధ్యలో నిచ్చెన, నిచ్చెన మీద రెండు కాళ్లు. మిగతా బాబాయ్ కప్పు లోపల ఉన్నాడు. తెల్లారగానే ఆయన్ని మళ్లీ పిలిపించి, వైరు మంచిదేనని చెప్పినా వినకుండా పైకెక్కించారట. కింద ఆల్బమ్ అన్న నడుం మీద చేతులు పెట్టుకుని, "కాకా, ఆ మూలకి చూసినవా?" అంటున్నాడు.

సార్ నోరు తెరవబోయాడు. నేను అడ్డం వచ్చి, "తప్పు వైరుది కాదండీ, నాది. తెర తప్పు చూపించదని ఫోన్లో చెప్పింది నేనే. చూపించింది" అన్నాను. బిట్లు, బైట్లు అంటుంటే ఆయన ముఖం ఇంకా ముడుచుకుపోతోంది. అప్పుడు ఆయన వెనక గోడ మీది పెళ్లి ఫోటో కనిపించింది, దేవుడు చూపించినట్టే. "అన్నా, ఆ దండలో ఎన్ని పూలున్నాయి?" అన్నాను.

"నాకేం ఎరుక? ఎందుకు?"

"ఎనిమిది అనుకోండి. మీ గుమ్మం దగ్గర ఒకమ్మాయి వచ్చిన పూలు విడివిడిగా లెక్కపెడుతోంది. తొమ్మిది వందల ముప్పై ఆరు పూలు. లోపల ఇంకొకమ్మాయి అవే పూలని దండలుగా లెక్కపెడుతోంది. నూట పదిహేడు దండలు. ఒక్క పువ్వు కూడా పోలేదు. నేనేం చేశానంటే, రెండుచోట్లా దండలే అని రాశాను."

ఆల్బమ్ అన్న వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. ఫోటో చూశాడు. తెర చూశాడు. "అంటే మన వైరు మంచిగనే ఉందా?"

"మంచిగానే ఉందండి. నా బి మంచిగా లేదు."

పైనుంచి, కప్పులోంచి, బాబాయ్ గొంతు వినిపించింది. "మరైతే నేను దిగొచ్చా?"

ఆల్బమ్ అన్న మొదట నవ్వాపుకోవాలని చూశాడు. కుదరలేదు. నవ్వుతూనే పోయి నిచ్చెన రెండు చేతులతో పట్టుకుని, "దిగు కాకా, నిమ్మలంగ దిగు. మాఫ్ చెయ్యి. తక్లీఫ్ ఇచ్చిన" అన్నాడు. బాబాయ్ దిగాక తన రుమాలుతోనే ఆయన జుట్టు మీది సున్నం దులిపాడు. చాయ్ తెప్పించాడు. నా వైపు చూసి, "నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకనే పోతుండె కదమ్మా?" అన్నాడు. అవునండి అన్నాను. ఆయన ఇంకొక బిస్కెట్ నా సాసర్‌లో పెట్టాడు. నా బహుమతి అదే.

తిరిగి వచ్చేటప్పుడు సార్ ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. నా ఉద్యోగం పోయిందనుకుని, బేకరీ వాసన ఇంక పీల్చుకోనేమో అని కార్ఖానా రాగానే గుండెల నిండా పీల్చుకున్నాను. మెట్ల దగ్గర ఆగి సార్ అన్నాడు: "నీ అంత తప్పు ఇంకెవ్వరు చెయ్యలేరు గని, ఇయ్యాల్టి నుంచి నీ అంత భయం సుత ఇంకెవ్వరికి ఉండదు. తెర మీద ఏ అంకె పక్కన ఏం రాయాల్నో ఇగ నువ్వే చూస్కో. షురూ చేద్దాం."

ఆ పని పెద్దత్తతో కలిసి చేశానని సార్‌కి ఇప్పటికీ తెలియదు. రోజూ సాయంత్రం తెర మీది మాటలు ఆవిడకి చదివి వినిపించేదాన్ని, డిక్టేషన్ లాగ. మొదటి రోజే పట్టుకుంది. "చిన్న బి, పెద్ద బి చూస్తేనే కదే తేడా? చెవికి రెండూ ఒకటే. ఫోన్లో చెప్పాల్సి వస్తే ఏం చేస్తారు? మనకి ఒత్తు పలికితే వినపడుతుంది. వాళ్ల అక్షరానికి ఆ యోగం లేదు. పూర్తి మాట రాసెయ్." అలా పొట్టి అక్షరాలు పోయి పూర్తి మాటలు వచ్చాయి. పక్కపక్కన ఉండి పోల్చుకునేవి కాబట్టి వైరూ డిస్కూ రెండూ బైట్లలోకే మార్చాం. వైరు కొన్నప్పుడు డబ్బా మీద బిట్లలో రాసి ఉంటుంది కనుక వైరు సత్తా ఎంతో చెప్పే ఆ ఒక్కచోటే బిట్లు అని రాసి, పక్కన ఎనిమిది బిట్లు ఒక బైట్ అని చేర్చాం. అంకె పెరిగి తగ్గినప్పుడల్లా కిలోల్లోంచి మెగాల్లోకి, మళ్లీ కిలోల్లోకి గెంతుతుంటే, "కంచాలు మార్చకుండా వడ్డించలేరా మీరు?" అంది. ఆ గెంతులు మాన్పించాం. కిలో అంటే వెయ్యి అని కొందరు, వెయ్యి ఇరవై నాలుగు అని కొందరు రాస్తారని చెబితే మాత్రం చాలాసేపు ఆలోచించి, "కొసరు వేసేవాడు వేశానని చెప్పాలి కదా" అంది. (వెయ్యే ఉంచాం. ఆ సంగతి తెర కిందే రాశాం.)

ఇప్పుడు నా ముందుకి ఎవరు తెర తెచ్చినా నేను ముందు అడిగేది, "ఇది ఏంటి?" అని. కొత్తగా చేరిన పిల్లలు నన్ను వెనకాల ఎనిమిదో ఎక్కం మేడమ్ అంటారని తెలుసు. కోపం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో నలభై మూడు బిలు దిద్ది స్తోత్రం చెప్పిన ఆ అమ్మాయి ఎదురైతే ఒక మొట్టికాయ వేసి, తర్వాత ఒక దిల్‌పసంద్ కొనిపెట్టాలని ఉంటుంది. పెద్దత్త వెళ్లిపోయి నాలుగేళ్లయింది. చివరి రోజుల్లో నర్సు వచ్చి ఆక్సిజన్ చూసి "తొంభై నాలుగు ఉందమ్మా" అంటే, ముఖం మీది మాస్కు పక్కకి తీసి "తొంభై నాలుగు ఏంటి?" అంది. నర్సు శాతం అని చెప్పేదాకా మాస్కు పెట్టుకోలేదు. ఆ తలుపు ముందు నన్ను నిలబెట్టినందుకు దేవుడికి చెప్పుకోని రోజు లేదు.

తీగల బాబాయ్ ఉన్నాడు. మౌలాలిలోనే, అదే చర్చిలో, అదే తాళంలో. పని మానేశాడు. మోకాళ్లు అరిగిపోయాయి. వచ్చే వారం ఆపరేషన్. నా బి వల్లనే అరిగాయా బాబాయ్ అంటే, "ఛ, నీ వాటా రెండు రోజులేనమ్మా, మిగతాది నా సొంతం" అంటాడు. అందుకని మీకు ఒక మనవి. మీ ఇంట్లో ఫోనులో బొమ్మ ఆగకుండా ఆడుతుంటే, దాని వెనక ఎక్కడో ఒక కప్పులో ఎవరో మోకాళ్ల మీద పాకి ఉంటారు. అప్పుడు మా బాబాయ్‌ని తలుచుకోండి. మీరు ఏ దేవుణ్ణి అడిగినా సరే, ఆ మోకాళ్ల గురించి అడగండి. ఎక్కువ అక్కర్లేదు, రెండు చాలు.

(రెండు నిమిషాలు, పెద్దత్తా. రాస్తున్నాను.)